దిశ మారిన ప్రతిసారీ: స్టెప్పర్ డ్రైవర్లను సీఎన్‌సీ బోర్డుకి కలిపిన నా అనుభవం

మా బావ సూర్యాపేటలో తలుపులు, దర్వాజలు చేస్తాడు. టేకు దర్వాజల మీద పద్మాలు, లతలు చెక్కే పని మొన్నమొన్నటి దాకా ఉలితోనే నడిచింది. చెక్కేవాళ్ళు దొరకడం తగ్గిపోయాక కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే పాత సీఎన్‌సీ రౌటర్ ఒకటి కొన్నాడు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉండే చిన్న మెషిన్. ఇనుప ఫ్రేము గట్టిది, మూడు యాక్సిస్‌లకీ (ఎక్స్, వై అడ్డం పొడవు, జెడ్ పైకి కిందికి) బాల్ స్క్రూలు, అంటే మోటర్ తిరుగుడుని సూటి కదలికగా మార్చే మరలు ఉన్నాయి, కొద్దికొద్దిగా అడుగులేస్తూ తిరిగే స్టెప్పర్ మోటర్లు బాగానే ఉన్నాయి. లోపలి బోర్డు మాత్రం కాలిపోయింది. మూడు మోటర్లనీ ఒకే బోర్డు మీద నడిపే పాత రకం అది, ఒక చానెల్ పోతే మొత్తం పక్కన పెట్టాల్సిందే. మళ్ళీ అలాంటిది వద్దు, ఒక్కో మోటర్‌కి విడిగా డ్రైవర్ (మోటర్‌కి కరెంటు ఇచ్చి నడిపే డబ్బా) పెడదాం, వాటికి సిగ్నల్ ఇచ్చే ఇంటర్‌ఫేస్ బోర్డు వేరుగా పెడదాం అని నేనే చెప్పాను. వైరింగ్ పని నాకిష్టం కాబట్టి బాధ్యత కూడా నామీదే పడింది.

ఆ పని ఎలా సాగిందో రాస్తున్నాను. అందులో ఒక సమస్య గురించి మాత్రం విడమరిచి చెప్పాలి. ప్రతి వైరూ ఉండాల్సిన చోటే ఉంది, మూడు మోటర్లూ శుభ్రంగా తిరుగుతున్నాయి, అయినా చెక్కిన బొమ్మ తప్పుగా వస్తోంది. ఈ పరిస్థితిలో ఇరుక్కున్నవాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళు మోటర్లు, స్క్రూలు మార్చుకుంటూ డబ్బు పోగొట్టుకోకూడదని నా తపన.

సామాను హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీలో తీసుకున్నాను. డీఎం542 రకం డ్రైవర్లు మూడు, 36 వోల్టుల 9.7 ఆంపుల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని డీసీగా మార్చే పవర్ సప్లై) ఒకటి, ఆర్డునో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఒకటి, దాని మీద కూర్చునే స్క్రూ టెర్మినల్ ఇంటర్‌ఫేస్ బోర్డు ఒకటి. మోటర్లు పాతవే: నెమా 23 సైజు, నాలుగు వైర్లవి, 3 ఆంపులవి. ఆర్డునోలో జీఆర్‌బీఎల్ 1.1 వేశాను. నార్వేకి చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ 2009లో మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రాం అది. కంప్యూటర్ పంపే జీ కోడ్‌ని (ఎటు ఎంత కదలాలో చెప్పే ఆజ్ఞలని) చదివి ఒక్కో యాక్సిస్‌కి రెండు సిగ్నళ్ళు ఇస్తుంది. ఒకటి స్టెప్: పల్స్ వచ్చిన ప్రతిసారీ మోటర్ ఒక అడుగు వేయాలి. రెండోది డైరెక్షన్: ఆ అడుగు ఏ వైపు వేయాలో చెబుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి, ముందు ముందు అదే మమ్మల్ని గట్టెక్కించింది. ఈ మోటర్ ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్‌లో మైక్రోస్టెప్ 8 పెడితే, అంటే ఒక్కో అడుగుని ఎనిమిది ముక్కలు చేస్తే, ఒక చుట్టుకి 1600 పల్సులు కావాలి. మా బాల్ స్క్రూ ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే ఒక మిల్లీమీటర్‌కి 320 పల్సులు. ఒక్క పల్సుకి 0.003125 మిల్లీమీటర్. వెంట్రుక మందంలో చిన్న వంతు అది, కంటికి ఆనదు.

పవర్ వైపు పని ముందు పెట్టుకున్నాను. ఎస్‌ఎంపీఎస్ పక్కన 115, 230 అని మార్చుకునే చిన్న స్విచ్ ఉంటుంది. లోపలికి కన్నం గుండా చూస్తేగానీ కనబడదు. మన కరెంటుకి అది 230 వైపే ఉండాలి. 115 వైపు ఉండగా ప్లగ్ పెడితే సప్లై అక్కడికక్కడే పోతుంది. కొత్త డబ్బాలోది కదా అని నమ్మకుండా చూసుకోవాలి. అవుట్‌పుట్ మీటర్ పెట్టి 36 వోల్టులు వచ్చాకే డ్రైవర్లకి కలిపాను. ఆ డ్రైవర్ 50 వోల్టుల దాకా తట్టుకుంటుంది. కాని మోటర్ వేగం తగ్గించినప్పుడు అది జనరేటర్‌లా కరెంటుని వెనక్కి తోస్తుంది, సప్లై లైన్ వోల్టేజి పెరుగుతుంది. అందుకని 48 కాకుండా 36తో సరిపెట్టుకున్నాను.

ఒక్కో డ్రైవర్‌కి సప్లై నుంచి ప్లస్, మైనస్ విడిగా లాగాను. ఒక డ్రైవర్ నుంచి ఇంకో డ్రైవర్‌కి గొలుసులా కలిపితే వైరు తగ్గుతుంది కాని, మొదటి మోటర్ తీసుకునే కరెంటు చివరి డ్రైవర్ వోల్టేజిని కదిలిస్తుంది. వైరు కొసలకి సోల్డర్ పెట్టకుండా లగ్గులు నొక్కాను. సోల్డర్ మెత్తటి లోహం, స్క్రూ కింద మెల్లగా నలుగుతూ ఉంటుంది, కొన్ని నెలలకి పట్టు వదులవుతుంది. అదురుతూ ఉండే మెషిన్‌లో అది అసలు పనికిరాదు.

మోటర్ వైర్ల దగ్గర చాలామంది రంగులు చూసి కలిపేస్తారు. ఒక రకం మోటర్లలో ఎరుపు, ఆకుపచ్చ ఒక కాయిల్, పసుపు, నీలం ఇంకో కాయిల్. ఇంకో రకంలో నలుపు, ఆకుపచ్చ ఒకటి, ఎరుపు, నీలం ఒకటి. పాత మెషిన్‌లో ఎవరో మధ్యలో వేరే కేబుల్ అతికించి ఉంటే ఆ రంగులకి అర్థమే ఉండదు. మా మెషిన్‌లో జెడ్ మోటర్‌కి అలాగే ఉంది. కాబట్టి మీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి, ఏ రెండు వైర్ల మధ్య మోగుతుందో చూసి జతలు కట్టాను. మీటర్ చేతిలో లేకపోయినా ఒక దారి ఉంది. రెండు వైర్ల కొసలు కలిపి పట్టుకుని షాఫ్ట్ తిప్పండి. అవి ఒకే కాయిల్‌వి అయితే షాఫ్ట్ బిగుసుకున్నట్టు గతుకులుగా తిరుగుతుంది. వేర్వేరు కాయిల్స్‌వి అయితే తేలిగ్గానే తిరుగుతుంది. ఒక జత ఏ+, ఏ- కి, ఇంకో జత బీ+, బీ- కి. ఒక జతలో ప్లస్ మైనస్ తారుమారైతే మోటర్ అవతలి వైపు తిరుగుతుంది, అంతే. రెండు కాయిల్స్ వైర్లు కలిసిపోతే మాత్రం ఉన్నచోటే వణుకుతూ మూలుగుతుంది, తిరగదు.

ఇంకొకటి బావకి, షాపులో పనిచేసే పిల్లలకి గట్టిగా చెప్పాను. డ్రైవర్‌కి పవర్ ఉండగా మోటర్ ప్లగ్ పీకకూడదు, పెట్టకూడదు. కాయిల్‌లో పారుతున్న కరెంటు ఒక్కసారిగా తెగితే పైకెగసే వోల్టేజి డ్రైవర్ లోపలి ట్రాన్సిస్టర్లని కాల్చేస్తుంది. డ్రైవర్లు ఎక్కువగా పోయేది ఇలాంటి పనులకే.

కరెంటు స్విచ్‌లు చూద్దాం. డ్రైవర్ మీద ఎనిమిది చిన్న స్విచ్‌లు ఉంటాయి, పక్కనే పట్టిక అచ్చేసి ఉంటుంది. మొదటి మూడూ కరెంటుకి, నాలుగోది మోటర్ ఆగి ఉన్నప్పుడు సగం కరెంటు ఇవ్వాలా మొత్తం ఇవ్వాలా అన్నదానికి, చివరి నాలుగూ మైక్రోస్టెప్‌కి. పట్టికలో పీక్ (కరెంటు గరిష్ఠంగా చేరే విలువ), ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు) అని రెండు వరసలు ఉంటాయి. 4.20 పీక్ అంటే 3.00 ఆర్‌ఎంఎస్. మా మోటర్ 3 ఆంపులది అయినా ఒక మెట్టు కిందికి దిగి 3.76 పీక్ దగ్గర పెట్టాను. చెక్క పనికి ఆ బలం చాలు, మోటర్ వేడి తగ్గుతుంది. స్టెప్పర్ మోటర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా అది తట్టుకునే హద్దులోనే ఉండొచ్చు. అయినా సూర్యాపేట ఎండాకాలంలో రేకుల షెడ్డులో నడిచే మెషిన్ అది, కొంచెం వెసులుబాటు ఉండాలనిపించింది.

ఇక అసలైన సిగ్నల్ వైరింగ్. డ్రైవర్‌కి పల్స్+, పల్స్-, డైరెక్షన్+, డైరెక్షన్-, ఎనేబుల్+, ఎనేబుల్- అని ఆరు స్క్రూలు. ఒక్కో జత వెనకాల ఒక ఆప్టోకప్లర్ ఉంటుంది. ఒక చిన్న ఎల్‌ఈడీ, దానికెదురుగా ఆ వెలుతురుని పట్టే భాగం. బోర్డు ఆ ఎల్‌ఈడీని వెలిగిస్తుంది, డ్రైవర్ అవతలి నుంచి చూస్తుంది. మధ్యలో తీగ సంబంధం లేదు. 36 వోల్టుల వైపు జరిగే గోల 5 వోల్టుల బోర్డుకి రాకుండా ఆపేది ఇదే.

ఈ ఎల్‌ఈడీలని వెలిగించడానికి రెండు పద్ధతులు. మూడు ప్లస్‌లనీ కలిపి 5 వోల్టులకి కట్టి, మైనస్‌లని బోర్డు పిన్నులకి ఇస్తే అది కామన్ యానోడ్. బోర్డు పిన్ను కిందికి దిగినప్పుడు ఎల్‌ఈడీ వెలుగుతుంది. మూడు మైనస్‌లనీ కలిపి గ్రౌండ్‌కి కట్టి, ప్లస్‌లని పిన్నులకి ఇస్తే కామన్ క్యాథోడ్. పిన్ను పైకి లేచినప్పుడు వెలుగుతుంది. రెండూ సరైనవే. ఏది ఎంచుకోవాలన్నది బోర్డుని బట్టి ఉంటుంది. మా బోర్డులో ఒక్కో యాక్సిస్‌కి స్టెప్, డైరెక్షన్, గ్రౌండ్ అని మూడే స్క్రూలు, 5 వోల్టుల స్క్రూ లేదు. కాబట్టి కామన్ క్యాథోడ్. ఎక్స్ స్టెప్ 2వ పిన్, వై స్టెప్ 3, జెడ్ స్టెప్ 4, డైరెక్షన్‌లు వరసగా 5, 6, 7.

ఎనేబుల్ దగ్గర కాస్త ఆలోచించాను. ఆర్డునోలో ఎనేబుల్ పిన్ ఒక్కటే, 8వది. దాన్నే మూడు డ్రైవర్లకీ పంచాలి. ఒక్కో ఎల్‌ఈడీ 10 మిల్లీ ఆంపుల దాకా తీసుకుంటుంది. మూడింటికి 30. ఆర్డునో పిన్ను మీద 20 మిల్లీ ఆంపులు దాటకుండా చూసుకోమంటారు, 40 దాని ఆఖరి హద్దు. మధ్యలో బఫర్ చిప్ ఉన్న బోర్డు అయితే ఇబ్బంది లేదు, మా బోర్డు పిన్నులని నేరుగా బయటికి తెచ్చినది. పైగా ఈ డ్రైవర్‌లో ఎనేబుల్ ఎల్‌ఈడీ వెలిగితే మోటర్ వదిలేస్తుంది, ఏమీ కలపకపోతే పట్టుకునే ఉంటుంది. పేరు చూస్తే ఉల్టాగా అనిపిస్తుంది కానీ మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. బాల్ స్క్రూ మీద బరువైన స్పిండిల్ (టూల్‌ని తిప్పే మోటర్) వేలాడుతున్నప్పుడు జెడ్ మోటర్ వదిలేయడం మాకు అసలు వద్దు, బరువుకి కిందికి జారుతుంది. అందుకని ఎనేబుల్ స్క్రూలు మూడు డ్రైవర్లలోనూ ఖాళీగానే వదిలేశాను.

సిగ్నల్ వైర్లకి షీల్డ్ కేబుల్ వాడాను, షీల్డ్‌ని ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేశాను. రెండు వైపులా కడితే ఆ షీల్డ్‌లోనే కరెంటు తిరగడం మొదలవుతుంది. మోటర్ కేబుళ్ళు, సిగ్నల్ కేబుళ్ళు పక్కపక్కన పోకుండా, దాటాల్సిన చోట అడ్డంగా దాటేలా చూశాను.

పవర్ ఇచ్చాం. మూడు డ్రైవర్లలోనూ పచ్చ లైట్లు. మోటర్ షాఫ్ట్‌లు చేత్తో తిప్పితే కదలలేదు, అంటే పట్టు ఉంది. వై యాక్సిస్ ఒకటి ఎదురు దిశలో పోయింది. వైర్లు ముట్టుకోకుండా జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో $3=2 (వై దిశని తిప్పమని) పెడితే సరైంది. ఎక్స్‌లో 300 మిల్లీమీటర్లు పొమ్మంటే స్కేలు మీద సరిగ్గా 300 పోయింది. జెడ్ పైకి కిందికి మెత్తగా కదిలింది. బావ మొహం వెలిగిపోయింది. ముందు ఎండీఎఫ్ చెక్క మీద ఒక పద్మం చెక్కించి చూద్దామన్నాడు.

మొదటి వరసలు అద్దంలా వచ్చాయి. బొమ్మ సగానికి వచ్చేసరికి లోతు కాస్త ఎక్కువైనట్టు కనబడింది. చివరి వరసలకి నాలుగైదు మిల్లీమీటర్లు లోపలికి దిగిపోయింది. రేకులు కూడా సన్నగా ఒక పక్కకి వాలాయి. పని అయ్యాక జెడ్‌ని సున్నాకి రమ్మంటే, టూల్ కొస చెక్క పైభాగానికి బాగా కిందికి వచ్చి ఆగింది. కంప్యూటర్ స్క్రీన్ మీద మాత్రం సున్నానే.

ఇలాంటప్పుడు అందరం మొదట అనుమానించేవి మెకానికల్ సంగతులే. కప్లింగ్ స్క్రూ వదులైందా, స్పిండిల్ క్లాంప్‌లో జారుతోందా, టూల్ దాన్ని పట్టి ఉంచే కాలెట్‌లోంచి బయటికి వస్తోందా. అన్నీ బిగించి చూశాం, గుర్తులు పెట్టి చూశాం. ఏదీ జారలేదు. తరవాతి అనుమానం మోటర్ బలం చాలక స్టెప్పులు తప్పుతోందని. వేగం సగానికి తగ్గించాను, యాక్సిలరేషన్ తగ్గించాను, కరెంటు ఒక మెట్టు పెంచాను. మళ్ళీ అదే లోతు తేడా, దాదాపు అంతే కొలత. నన్ను ఆపి ఆలోచింపజేసింది ఇదే. బలం చాలక తప్పుతుంటే వేగం తగ్గించినప్పుడు తేడా తగ్గాలి. ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

అప్పుడు బావ ఆ ఎండీఎఫ్ ముక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురికి అడ్డంగా పట్టి చూశాడు. ముప్పై ఏళ్ళుగా చెక్క మీద చెయ్యి పెట్టిన మనిషి.

"ఇది ఒక్కసారి జారినట్టు లేదురా. వరస వరసకీ వడ్డీ లెక్కన పెరుగుతుంది. పువ్వు పనితనం ఎక్కువున్న కాడ జల్ది పెరిగింది, సాఫ్‌గ ఉన్న కాడ అసలు పెరగలే" అన్నాడు.

ఆ మాటతో దారి దొరికింది. సాఫీగా ఉన్న చోట జెడ్ కదలదు. పనితనం ఉన్న చోట జెడ్ పైకి కిందికి మాటిమాటికీ కదులుతుంది. అంటే నష్టం పోయిన దూరాన్ని బట్టి లేదు, దిశ ఎన్నిసార్లు మారిందన్నదాన్ని బట్టి ఉంది.

దీన్ని చెక్కతో సంబంధం లేకుండా తేల్చాలనుకున్నాను. టూల్ తీసేసి, స్పిండిల్ కింద డయల్ గేజ్ (సన్నటి కదలికని ముల్లుతో చూపే సాధనం) పెట్టి ముల్లుని సున్నాకి తెచ్చాం. ముందు జెడ్‌ని గేజ్ మీంచి 50 మిల్లీమీటర్లు పైకి లేపి తిరిగి దింపాను. ముల్లు సున్నాకే వచ్చింది. తరవాత ఒక చిన్న ప్రోగ్రాం రాశాను: ఒక మిల్లీమీటర్ పైకి, ఒక మిల్లీమీటర్ కిందికి, అలా 200 సార్లు. బరువు లేదు, కోత లేదు, వేగం నిమిషానికి 300 మిల్లీమీటర్లే. అయిపోయాక గేజ్ చూస్తే ఒకటింపావు మిల్లీమీటర్ కిందికి దిగి ఉంది. 100 సార్లు తిప్పితే అందులో సగం.

1.25ని 200తో భాగిస్తే 0.00625. అది మా పల్సు కొలతకి సరిగ్గా రెట్టింపు. పైకి కిందికి తిరిగిన ప్రతి జంటకీ సరిగ్గా రెండు పల్సులు పోతున్నాయి. ఇంత కచ్చితమైన తేడా వదులు స్క్రూ వల్ల రాదు, కరెంటు గోల వల్ల రాదు. లోపల ఏదో ఒక నియమం ప్రకారం జరుగుతోంది. నిర్ధారణ కోసం మైక్రోస్టెప్‌ని 16 చేసి, $102 ని (జెడ్‌లో మిల్లీమీటర్‌కి ఎన్ని పల్సులో చెప్పే సెట్టింగుని) 640 చేసి మళ్ళీ పరీక్షించాను. తేడా సగమైంది. ఇక సందేహం లేదు. పోయేది మిల్లీమీటర్లలో కాదు, పల్సుల్లో.

డ్రైవర్ మాన్యువల్‌లో టైమింగ్ బొమ్మ ఉంటుంది. వైరింగ్ బొమ్మ చూసి మూసేసేవాళ్ళం దాన్ని దాటేస్తాం. అందులో రెండు అంకెలు ముఖ్యం. పల్సు వెడల్పు కనీసం 2.5 మైక్రోసెకన్లు ఉండాలి. డైరెక్షన్ సిగ్నల్ మారాక కనీసం 5 మైక్రోసెకన్లు ఆగి పల్సు రావాలి. జీఆర్‌బీఎల్ పల్సు వెడల్పు $0 లో 10 మైక్రోసెకన్లు, దానికి ఢోకా లేదు. కాని డైరెక్షన్ పిన్ను మార్చిన మరుక్షణమే, ఎక్కడా ఆగకుండా స్టెప్ పిన్నుని పైకి లేపుతుంది. ప్రోగ్రాంలో అవి పక్కపక్క లైన్లు. బోర్డు మీదే గుచ్చుకునే చిన్న డ్రైవర్లకి ఆ వ్యవధి చాలు. ఆప్టోకప్లర్ ఉన్న పెద్ద డ్రైవర్‌కి చాలదు. రెండూ మంచివే, ఒకదాని తొందరకి ఇంకోటి అందుకోలేకపోతోంది.

మరి రెండు వైపులా తప్పితే ఒకదానికొకటి కొట్టేసుకోవాలి కదా, ఒకవైపే ఎందుకు దిగుతోంది? దీనికి జవాబు ఆప్టోలో ఉంది. ఎల్‌ఈడీ వెలిగినప్పుడు అవతలి భాగం చటుక్కున స్పందిస్తుంది. ఆరినప్పుడు తేరుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. చాలా డ్రైవర్లలో పల్సుకి వేగమైన ఆప్టో పెట్టి, డైరెక్షన్‌కి నెమ్మదైనది పెడతారు కూడా. మా వైరింగ్‌లో జెడ్ కిందికి పోవాలంటే డైరెక్షన్ ఎల్‌ఈడీ వెలగాలి, పైకి పోవాలంటే ఆరాలి. కిందికి మళ్ళేటప్పుడు డ్రైవర్‌కి కబురు సమయానికి అందుతోంది. పైకి మళ్ళేటప్పుడు అందేలోపే మొదటి పల్సు వచ్చేస్తోంది. పైకి పోవాల్సిన ఆ ఒక్క అడుగు కిందికి పడుతోంది. ఒకటి పైకి పోలేదు, ఒకటి కిందికి దిగింది, మొత్తం రెండు. లోతు ఎప్పుడూ పెరగడమే తప్ప తగ్గకపోవడానికి కారణం అదే. ఎక్స్‌లో రేకులు వాలడానికీ ఇదే కారణం. వరస చివర దిశ మారిన ప్రతిసారీ కాకుండా, ఒకవైపు మళ్ళినప్పుడు మాత్రమే పోతోంది. జెడ్‌తో పోలిస్తే ఎక్స్ దిశ మారేది తక్కువ కాబట్టి వాలు సన్నగా ఉంది.

దీనికి మందు ఒక్క లైను: $2=7. స్టెప్ సిగ్నల్‌ని మూడు యాక్సిస్‌లకీ తలకిందులు చేయమని అర్థం. అంతకుముందు స్టెప్ పిన్ను మామూలుగా కింద ఉండి, పల్సు ఇవ్వాలంటే పైకి లేచేది. మా డ్రైవర్ అడుగు వేసేది ఎల్‌ఈడీ వెలిగే అంచు దగ్గరే, అంటే డైరెక్షన్ మారిన వెంటనే. ఇప్పుడు పిన్ను మామూలుగా పైనే ఉంటుంది. పల్సు ఇవ్వాలంటే కిందికి దిగి, 10 మైక్రోసెకన్ల తరవాత పైకి లేస్తుంది. డ్రైవర్ చూసే అంచు ఆ రెండోది. ఈలోపు డైరెక్షన్ కబురు తాపీగా అందిపోతుంది. మాన్యువల్ అడిగింది 5, మేమిస్తున్నది 10.

మళ్ళీ గేజ్ పెట్టాం. 200 సార్లు పైకి కిందికి. ముల్లు సున్నా మీదే ఉంది. ప్రోగ్రాంని ఇంకా పొడిగించి, మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ నడిపించి వదిలేశాం. వచ్చి చూసినా సున్నానే. బావ గేజ్ అద్దాన్ని వేలితో తట్టి చూశాడు, ముల్లు ఇరుక్కుపోలేదు కదా అని. ఆ మధ్యాహ్నమే ఇంకో ఎండీఎఫ్ ముక్క మీద అదే పద్మం చెక్కించాం. మొదటి వరస, చివరి వరస ఒకే లోతు.

ఈ మార్పు వల్ల రెండు చిన్న సంగతులు ఉంటాయి. స్టెప్ ఎల్‌ఈడీలు ఇక ఎప్పుడూ వెలిగే ఉంటాయి. ఒక్కో పిన్ను మీద 10 మిల్లీ ఆంపులే కాబట్టి ఆర్డునోకి బరువు కాదు. రెండోది, ఆర్డునో రీసెట్ అయినప్పుడు పిన్నులు ఒకసారి వదిలి మళ్ళీ పైకి లేస్తాయి. అది డ్రైవర్‌కి ఒక పల్సులా కనబడి మోటర్ ఒక మైక్రోస్టెప్ కదలొచ్చు. రీసెట్ అయ్యాక ఎలాగూ సున్నా మళ్ళీ పెట్టుకుంటాం, నష్టం లేదు.

స్పిండిల్ వీఎఫ్‌డీ (దాని వేగాన్ని మార్చే డబ్బా) కలిపాక లిమిట్ స్విచ్‌లు (యాక్సిస్ చివరికి పోతే ఆపేవి) ముట్టుకోకుండానే అలారం వచ్చేది. లిమిట్ స్విచ్‌లని ఎన్‌సీ పద్ధతిలో (మామూలుగా కలిసే ఉండి, తగిలితే తెగేలా) కలిపి, బోర్డు దగ్గర ఒక్కో ఇన్‌పుట్‌కి గ్రౌండ్‌కి మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, వీఎఫ్‌డీని ప్యానెల్ నుంచి దూరంగా జరిపాక ఆగింది. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

కామన్ యానోడ్ పద్ధతిలో కలిపినవాళ్ళు $2=7 అని చూసి అలాగే పెట్టేయకండి. వాళ్ళకి పిన్ను కిందికి దిగినప్పుడు ఎల్‌ఈడీ వెలుగుతుంది కాబట్టి, $2=0 ఉన్నప్పుడే డ్రైవర్ చూసే అంచు 10 మైక్రోసెకన్ల తరవాత పడుతుంది. 7 పెడితే మా పాత సమస్య వాళ్ళకి మొదలవుతుంది. అంచు సంగతి కూడా డ్రైవర్‌ని బట్టి మారొచ్చు, మాన్యువల్‌లో ఆ బొమ్మ చూసుకోండి. ప్రోగ్రాంని సొంతంగా కంపైల్ చేసుకోగలిగినవాళ్ళకి ఇంకో దారి ఉంది. జీఆర్‌బీఎల్ కాన్ఫిగ్ ఫైల్‌లో స్టెప్ పల్స్ డిలే అనే లైను ఉంటుంది, మామూలుగా దాన్ని మూసి ఉంచుతారు. తెరిచి 10 పెడితే డైరెక్షన్ మార్చాక అన్ని మైక్రోసెకన్లు ఆగి పల్సు ఇస్తుంది. ఏ దారిలో వెళ్ళినా టేకు చెక్క బల్ల మీద పెట్టే ముందు డయల్ గేజ్ కింద ఒకసారి 200 సార్లు తిప్పి చూడండి.